ఒకే అరే, రెండు రకాల చావు: పెడాట్, ప్లాటినం ఎలక్ట్రోడ్‌ల మీద ఒక కేస్ స్టడీ

ఇది మెదడులో ఎలక్ట్రోడ్ అరే (సన్నటి తీగల గుత్తి) పెట్టిన ఒక్క ఎలుక కేసు. కాబట్టి దీన్ని పట్టుకుని ఫలానా మెటీరియల్ మంచిది, ఫలానాది పనికిరాదు అని ఎవరూ తేల్చేయొద్దు. అయినా పూర్తిగా రాస్తున్నానంటే కారణం ఉంది. ఒకే జంతువులో, ఒకే అరేలో, సగం చానెళ్ల (ఒక్కో తీగ ఒక చానెల్) ఇంపిడెన్స్ (కరెంట్‌కి ఎదురయ్యే అడ్డు) నెలనెలా పెరుగుతూ పోయింది, మిగతా సగానిది తగ్గుతూ పోయింది, బయటకు తీసి చూస్తే రెండు గుంపులూ పాడైపోయినవే. పైగా ఎలా పాడయ్యాయో అరేని బయటకు తీయకముందే చాలావరకు లెక్క కట్టగలిగాం. మనందరం రోజూ చూసే 1 కిలోహెర్ట్జ్ ఇంపిడెన్స్ అంకె ఒక్కదాన్నే నమ్ముకుని ఉంటే మాత్రం రెండు గుంపుల గురించీ తలకిందుల కథ రాసుకునేవాళ్లం.

ఏం పెట్టాం

పదహారు ప్లాటినం-ఇరిడియం తీగలు. 90 శాతం ప్లాటినం, 10 శాతం ఇరిడియం, ఈ రంగంలో ఎప్పటినుంచో వాడుతున్న మిశ్రమమే. ఒక్కో తీగ వ్యాసం 50 మైక్రాన్లు, ఒంటినిండా పారిలీన్-సి అనే ప్లాస్టిక్ పొర ఇన్సులేషన్, కొస దగ్గర మాత్రం అడ్డంగా కోసిన గుండ్రటి లోహపు ముఖం. ఎనిమిదింటి కొసలు అలాగే వదిలేశాం. మిగతా ఎనిమిదింటికి పెడాట్ అనే కండక్టింగ్ పాలిమర్ పూత ఎలక్ట్రోడిపాజిషన్‌తో (ద్రావణంలో కరెంట్ పంపి) ఎక్కించాం. ప్రతి గుంపులోనూ ఆరు చానెళ్లు స్టిమ్యులేషన్‌కి, రికార్డింగ్‌కి రెండింటికీ. రెండు చానెళ్లకి మాత్రం ఎప్పుడూ పల్స్ ఇవ్వకుండా రికార్డింగ్‌కే ఉంచాం. ఈ రెండేసి చానెళ్లు లేకపోతే ఈ కేసు నుంచి ఏమీ తేలేది కాదు, ఆ సంగతి తర్వాత చెప్తా. చోటు మోటార్ కార్టెక్స్, అంటే కదలికల్ని నడిపే మెదడు భాగం. ఎథిక్స్ కమిటీ అనుమతి, అనస్థీషియా, సర్జరీ అన్నీ మామూలు పద్ధతిలోనే, అక్కడ చెప్పుకోవడానికేం లేదు.

ప్లాటినం అనగానే "అది డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్‌లో (మెదడు లోతుల్లో ఎలక్ట్రోడ్ పెట్టి చేసే చికిత్స) ఏళ్లతరబడి నడుస్తోంది కదా, దానికేంటి ఇబ్బంది" అంటారు. నిజమే, నడుస్తోంది. కానీ అక్కడి కాంటాక్ట్ (కరెంట్ బయటికి వచ్చే లోహపు భాగం) సైజు చూడండి. బాగా వాడుకలో ఉన్న లీడ్‌లలో ఒక్కో కాంటాక్ట్ 1.27 మిల్లీమీటర్ల వ్యాసం, 1.5 మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది, అంటే దాదాపు 0.06 చదరపు సెంటీమీటర్ల లోహం. 3 మిల్లీఆంప్, 90 మైక్రోసెకన్ల పల్స్ ఇస్తే ఒక్కో ఫేజ్‌కి (పల్స్‌లో ఒక్కో సగానికి) 0.27 మైక్రోకూలంబ్, విస్తీర్ణంతో భాగిస్తే చదరపు సెంటీమీటరుకి 4.5 మైక్రోకూలంబ్‌లు. అక్కడ పాటించే హద్దు 30. అంత వెసులుబాటులో ప్లాటినానికి ఏ కష్టమూ లేదు.

మా తీగ కొస విస్తీర్ణం దాదాపు 2000 చదరపు మైక్రాన్లు. అంటే ఆ కాంటాక్ట్ కంటే సుమారు మూడువేల రెట్లు చిన్నది. మేం ఇచ్చింది 20 మైక్రోఆంప్, 200 మైక్రోసెకన్లు, ముందు కేథోడిక్ (నెగటివ్) ఫేజ్, వెంటనే అంతే ఛార్జ్ వెనక్కి లాగే ఆనోడిక్ ఫేజ్. ఫేజ్‌కి 4 నానోకూలంబ్‌లు. వినడానికి ఎంత చిన్నదో! కానీ విస్తీర్ణంతో భాగిస్తే చదరపు సెంటీమీటరుకి సుమారు 200 మైక్రోకూలంబ్‌లు తేలుతుంది. పూత లేని ప్లాటినం నష్టం లేకుండా ఇవ్వగలిగేది ఇంచుమించు 50 నుంచి 150 దాకా. ఇరిడియం ఆక్సైడ్, పెడాట్‌లకైతే ఈ హద్దు మిల్లీకూలంబ్‌లలో ఉంటుంది. అంటే ఈ కరెంట్ పెడాట్‌కి సునాయాసం, ప్లాటినానికి హద్దు మీరినది. ఒకే కరెంట్ కింద రెండు ఉపరితలాలు ఎలా ముసలివవుతాయో చూడటమే ఉద్దేశం కాబట్టి అది తెలిసే పెట్టాం.

ఇక్కడ స్టిమ్యులేషన్ కణజాలానికి సేఫేనా అని లెక్కగట్టే షానన్ ఫార్ములా గురించి ఒక మాట. 1992లో వచ్చింది, పిల్లుల కార్టెక్స్ మీద మెక్‌క్రీరీ బృందం చేసిన ప్రయోగాల డేటా మీద నిలబడింది. ఛార్జ్ డెన్సిటీని (విస్తీర్ణంతో భాగించిన ఛార్జ్‌ని) ఫేజ్‌కి ఇచ్చే ఛార్జ్‌తో గుణించి లాగ్ తీస్తే 1.85 దాటకూడదు, స్థూలంగా అంతే. మా అంకెలు వేస్తే 200 ఇంటూ 0.004, అంటే 0.8. లాగ్ తీస్తే సున్నా కంటే కాస్త కింద. ఫార్ములా ప్రకారం మేం హద్దుకి ఎంతో దూరంలో, పరమ సేఫ్‌గా ఉన్నాం! కానీ ఆ ఫార్ములాకి తెలిసింది కణజాలం సంగతే, లోహం సంగతి కాదు. పైగా అది పెద్ద ఎలక్ట్రోడ్‌లకి పుట్టిన ఫార్ములా. మైక్రోఎలక్ట్రోడ్‌లలో ఫేజ్‌కి 4 నానోకూలంబ్‌ల దగ్గరే న్యూరాన్లకి దెబ్బ తగలడం మొదలవుతుందని వేరే ప్రయోగాలు చెబుతున్నాయి. అంటే మేం సరిగ్గా గీత మీద నిలబడ్డాం. రివ్యూ మీటింగుల్లో షానన్ ఒక్కటీ చూపించి "సేఫ్" అని స్లైడ్ ముగించేవాళ్లని చూసినప్పుడల్లా నాకు చిరాకు. మైక్రోఎలక్ట్రోడ్‌కి ఆ స్లైడ్ పెట్టడమే దండగ.

ఏం కనిపించింది

సెలైన్‌లో, ఇంకా మెదడులోకి వెళ్లకముందు, ప్లాటినం కొసలు 250 కిలోఓమ్‌ల చుట్టుపక్కల, పెడాట్ కొసలు 15 చుట్టుపక్కల. ఇంప్లాంట్ చేశాక మొదటి వారాల్లో అన్నీ పెరిగాయి. ఇది అందరికీ అయ్యేదే. తీగ దిగగానే రక్తనాళాలు తెగుతాయి, ప్రొటీన్లు అంటుకుంటాయి, మైక్రోగ్లియా (మెదడులోని రక్షక కణాలు) గంటల్లోనే వచ్చి చేరుతుంది, తర్వాత ఆస్ట్రోసైట్లు (న్యూరాన్లకి ఆసరా కణాలు) వచ్చి ఒక తొడుగు కడతాయి, మచ్చ అనేది దీన్నే. ఆ తొడుగు గట్టిపడి ఒక స్థితికి రావడానికి సుమారు ఆరు వారాలు పడుతుంది. మా దగ్గరా అలాగే పెరిగి, తర్వాత కాస్త తగ్గి నిలబడింది.

ఆ తర్వాతే తేడా మొదలైంది. నెలలు గడిచేకొద్దీ స్టిమ్యులేట్ చేస్తున్న ప్లాటినం చానెళ్ల ఇంపిడెన్స్ దిగుతూ దిగుతూ 40 కిలోఓమ్‌ల దాకా వచ్చింది. స్టిమ్యులేట్ చేస్తున్న పెడాట్ చానెళ్లలో ఒక్కటి తప్ప మిగతావాటిది ఎక్కుతూ ఎక్కుతూ 200 దాటింది, అదీ మెల్లగా కాదు, ఒక్కో చానెల్ ఒక్కో వారం ఉన్నట్టుండి గెంతింది. స్పైకులు (ఒక్కో న్యూరాన్ పంపే సిగ్నళ్లు) రెండు గుంపుల్లోనూ తగ్గాయి. ప్లాటినం చానెళ్లలో స్పైకులు పోయినా లోకల్ ఫీల్డ్ పొటెన్షియల్ (చుట్టుపక్కల న్యూరాన్ల కలగలుపు సిగ్నల్) మాత్రం శుభ్రంగా వస్తోంది. కాలు కదలడానికి కావాల్సిన కరెంట్ కూడా ఆ చానెళ్లలోనే ఎక్కువ పెరిగింది.

గ్రాఫ్ చూసి ల్యాబ్‌లో ఎక్కువమంది అనుకున్నది ఇదీ: ప్లాటినం చుట్టూ మచ్చ కరిగి చానెల్ బాగుపడింది, పెడాట్‌కి మెదడు ఎదురు తిరిగి మచ్చ దట్టంగా పేరుకుంది, అంటే పెడాట్ బయోకంపాటబుల్ (శరీరానికి సరిపడేది) కాదు. వినడానికి అతికినట్టే ఉంది. కానీ ప్లాటినం బాగుపడితే స్పైకులు ఎందుకు పోయాయి?

ఫేజ్ చెప్పిన సంగతి

మొదట అనుమానించాల్సింది ఎలక్ట్రోడ్‌ని కాదు, కనెక్టర్‌ని. 2013లో బారీస్ బృందం 27 కోతుల్లో పెట్టిన 78 సిలికాన్ అరేలు ఎందుకు ఆగిపోయాయో విడివిడిగా తవ్వి చూసింది. ఆగిపోయినవాటిలో 56 శాతం ఏడాదిలోపే ఆగిపోయాయి, అన్నిటికంటే పెద్ద వర్గం హఠాత్తుగా వచ్చిన మెకానికల్ వైఫల్యాలు, 48 శాతం, వాటిలో కూడా సింహభాగం కనెక్టర్ సమస్యలే. పైకి కనిపించే జీవసంబంధ కారణాలు 24 శాతమే. కాబట్టి ఎవరు "మెదడు రిజెక్ట్ చేసింది" అన్నా ముందు కనెక్టర్ విప్పి చూడమంటాను.

తలమీద డెంటల్ అక్రిలిక్ కింద తేమ చేరితే పక్కపక్క పిన్నుల మధ్య లీకేజీ ఏర్పడుతుంది. అప్పుడు పక్కపక్క చానెళ్లు కలిసి పడతాయి, ఆ లీకేజీ దారి ఎక్కువగా రెసిస్టివ్ కాబట్టి ఫేజ్ సున్నా వైపు జరుగుతుంది. (ఇక్కడ ఫేజ్ అంటే పల్స్‌లో సగం కాదు, వోల్టేజ్‌కీ కరెంట్‌కీ మధ్య కోణం: సున్నా అయితే రెసిస్టర్, −90 అయితే కెపాసిటర్.) మా దగ్గర పడిపోయిన చానెళ్లు పిన్నుల వరుసలో పక్కపక్కన లేవు. ఒక చానెల్‌లో సిగ్నల్ ఇచ్చి పక్క చానెల్‌లో చూస్తే క్రాస్‌టాక్ కూడా పెరగలేదు. ఫేజ్ −70 డిగ్రీల దగ్గరే ఉంది. అంటే ఇంకా చక్కటి కెపాసిటరే. కాకపోతే ముందుకంటే పెద్ద కెపాసిటర్.

పెద్ద కెపాసిటర్ అంటే పెద్ద విస్తీర్ణం. 250 నుంచి 40కి పడిందంటే తడిసిన లోహం సుమారు ఆరు రెట్లు అయ్యింది. 2000 చదరపు మైక్రాన్లు 12,000 అయ్యాయి. కొస ముఖం పెరగదు కదా, ఆ అదనపు 10,000 రావాల్సింది తీగ పక్క గోడ నుంచే. 50 మైక్రాన్ల తీగ చుట్టుకొలత 157 మైక్రాన్లు. భాగిస్తే 64. అంటే పారిలీన్ కొస నుంచి అరవై మైక్రాన్లకి పైగా వెనక్కి పోయి ఉండాలి. ఎలుక ఇంకా బోనులో తిరుగుతుండగానే నోట్‌బుక్‌లో ఈ లెక్క రాసి పెట్టుకున్నాం. స్పైకులు పోయి ఫీల్డ్ పొటెన్షియల్ మిగలడం కూడా దీంతో సరిపోతుంది. పెద్ద ఎలక్ట్రోడ్ చుట్టూ ఉన్నదంతా కలిపి సగటు తీస్తుంది, ఒక్క న్యూరాన్ గొంతు అందులో కలిసిపోతుంది. కరెంట్ కూడా ఒకచోట కాకుండా పక్క గోడంతా పరుచుకుంటుంది, కాబట్టి కాలు కదలాలంటే ఎక్కువ ఇవ్వాల్సి వస్తుంది.

పెడాట్ వైపు కథ దీనికి తిరగేసింది. పెడాట్ మీద 1 కిలోహెర్ట్జ్ దగ్గర ఫేజ్ −20 లోపే ఉంటుంది, ఎందుకంటే పాలిమర్ కెపాసిటెన్స్ అంత పెద్దది కాబట్టి మనకి కనబడేది ప్రధానంగా చుట్టూ ఉన్న ద్రవపు రెసిస్టెన్సే. దాని మీద మచ్చ దట్టమైతే ఆ రెసిస్టెన్స్ పెరుగుతుంది, ఇంపిడెన్స్ పెరుగుతుంది, ఫేజ్ మాత్రం సున్నా దరిదాపుల్లోనే ఉండాలి. మాకు ఫేజ్ −75కి పోయింది. మొదటిరోజు సెలైన్‌లో ప్లాటినం కొసలు చూపించిన వంపు దాదాపు ఇదే. అంటే మచ్చ కాదు. పూతే లేదక్కడ.

రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లు చాలావాటిలో ఫేజ్ కాలమ్ ఉంటుంది, కానీ రిపోర్ట్‌లోకి రాదు. ఎందుకో నాకెప్పుడూ అర్థం కాలేదు.

బయటకు తీశాక

తీయడంలోనే ఒక చిక్కుంది. తీగని కణజాలంలోంచి లాగేటప్పుడే పూత ఊడొచ్చు, తర్వాత మైక్రోస్కోప్‌లో చూసి "ఇది మెదడులో ఊడింది" అనడం కుదరదు. ఇంపిడెన్స్ గెంతిన రోజులు ముందే రికార్డులో ఉన్నాయి కాబట్టి, పల్స్ ఇవ్వని చానెళ్లూ అదే లాగుడికి గురయ్యాయి కాబట్టి, మాకు ఆ సందేహం కొంతవరకు తీరింది.

ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో స్టిమ్యులేట్ చేసిన ప్లాటినం తీగల్లో పారిలీన్ కొస నుంచి వెనక్కి పోయి ఉంది, ఎక్కువ తీగల్లో లెక్క కట్టినదానికి దగ్గరగానే. చెమ్మ పట్టిన గోడ మీద సున్నం పెచ్చులు లేచినట్టు అంచు పైకి ముడుచుకుని, లోపల ఖాళీగా ఉంది. పల్స్ ఇవ్వని రెండు ప్లాటినం తీగల్లో అంచు కాస్త వదులైంది, అంతే. స్టిమ్యులేట్ చేసిన పెడాట్ కొసల్లో ఆరింట ఐదు బోడి లోహం. పల్స్ ఇవ్వనివాటిలో పూతకి పగుళ్లు వచ్చాయి కానీ అంటుకునే ఉంది.

ప్లాటినం వైపు కారణం నా ఉద్దేశంలో ఇదీ. గుండ్రటి ముఖం మీద కరెంట్ సమానంగా పారదు, అంచు దగ్గర ఎక్కువ సాంద్రంగా ఉంటుంది, సరిగ్గా పారిలీన్ మొదలయ్యే చోటు. సిల్వర్-సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్‌తో చూస్తే ప్లాటినాన్ని −0.6 నుంచి +0.8 వోల్టుల మధ్య ఉంచాలి, అది దాటితే నీరు విడిపోతుంది. చదరపు సెంటీమీటరుకి 200 మైక్రోకూలంబ్‌లు ఇస్తుంటే కేథోడిక్ ఫేజ్ చివర్లో మా వోల్టేజ్ −0.6 కిందికి దిగుతూనే ఉంది. అక్కడ హైడ్రోజన్ పుడుతుంది, హైడ్రాక్సైడ్ మిగిలి అంచు దగ్గర క్షారం పెరుగుతుంది. పారిలీన్‌కీ లోహానికీ మధ్య ఉన్న సిలేన్ బంధం దానికి లొంగిపోతుంది, నీరు లోపలికి పాకుతుంది, ఇంకాస్త లోహం తడుస్తుంది. తమాషా ఏంటంటే విస్తీర్ణం పెరిగేకొద్దీ ఛార్జ్ డెన్సిటీ తగ్గి వోల్టేజ్ మళ్లీ హద్దులోకి వచ్చింది, ఆ తర్వాత ఇంపిడెన్స్ కూడా 40 దగ్గర ఆగిపోయింది. అంటే ఎలక్ట్రోడ్ తనకి కావాల్సినంత సైజుని తానే చేసుకుంది, మన ఇన్సులేషన్‌ని తినేసి.

పెడాట్‌కి వోల్టేజ్ సమస్య లేదు. దాని సమస్య పట్టు. ప్రతి పల్స్‌కీ అయాన్లు పాలిమర్‌లోకి వెళ్లి వస్తుంటాయి, దాంతో అది కొద్దికొద్దిగా ఉబ్బుతూ కుంచించుకుంటూ ఉంటుంది. నున్నటి ప్లాటినం మీద దానికి రసాయన బంధమేమీ లేదు, ఊరికే ఆనుకుని ఉంటుంది. ఎన్నో లక్షల పల్సుల తర్వాత ఒకరోజు మొత్తంగా ఊడిపోతుంది. గ్రాఫ్‌లో ఆ గెంతులు అందుకే.

కణజాలం సంగతి

ఆస్ట్రోసైట్లకి జీఎఫ్ఏపీ, మైక్రోగ్లియాకి ఐబా-1, న్యూరాన్లకి న్యూఎన్ మార్కర్లతో స్లైసులు చూశాం. మచ్చ అన్ని తీగల చుట్టూ ఉంది, పల్స్ ఇవ్వనివాటి చుట్టూ కూడా. మెటీరియల్ విషపూరితం కానక్కర్లేదు, గట్టిగా ఉంటే చాలు. ఈ లోహం బిగువు వందల గిగాపాస్కల్‌లలో, మెదడుది కిలోపాస్కల్‌లలో. తీగ పుర్రెకి అతికి ఉంటుంది, మెదడేమో ఊపిరి తీసిన ప్రతిసారీ ఎలుకలో 10 నుంచి 30 మైక్రాన్లు కదులుతుంది. రోజంతా ఆ రాపిడే.

(పాలిఇమైడ్ దారాలు "మెత్తటి మెటీరియల్" అని రాస్తుంటారు. పాలిఇమైడ్ కూడా రెండు మూడు గిగాపాస్కల్‌ల పదార్థమే, మెదడు పక్కన పెడితే రాయి. అది వంగేది పల్చగా ఉండబట్టి, వంగుడుకి ఎదురయ్యే బిగువు మందం ఘనాన్ని బట్టి మారుతుంది కాబట్టి. ఆ వంగుడుతో వేరే తలనొప్పి ఉంది. 2024లో న్యూరాలింక్ మొదటి మనిషికి పెట్టిన దారాల్లో కొన్ని మెదడులోంచి వెనక్కి జారాయని ఆ కంపెనీయే ప్రకటించింది.)

తేడా ఎక్కడ కనిపించిందంటే, స్టిమ్యులేట్ చేసిన ప్లాటినం చుట్టూ సుమారు వంద మైక్రాన్ల లోపల న్యూరాన్లు బాగా పలచబడ్డాయి. ఒక ఎలక్ట్రోడ్ విడివిడిగా స్పైకులు వినగలిగేది కూడా ఇంచుమించు ఆ దూరంలోనే, కాబట్టి అక్కడ వినడానికి ఎవరూ మిగల్లేదు. పెడాట్ చానెళ్ల చుట్టూ న్యూరాన్లు అంతకంటే మెరుగు, కానీ తీగ జాడ పక్కన నల్లటి పొరల ముక్కలు, వాటిని చుట్టుముట్టిన మైక్రోగ్లియా. ఆ ముక్కలు అక్కడ ఏళ్లతరబడి ఉంటే ఏమవుతుందో ఒక ఎలుక చెప్పలేదు.

ఈ పెడాట్, ఈ పారిలీన్ ఐఎస్ఓ 10993-5 సైటోటాక్సిసిటీ టెస్ట్ పాసయినవే. ఆ టెస్ట్‌లో పదార్థాన్ని ద్రవంలో నానబెట్టి, ఆ ద్రవాన్ని కణాల మీద పోస్తారు. కారే విషం ఉంటే దొరుకుతుంది. ఊడిపడే పెచ్చు దొరకదు. సర్టిఫికెట్ చూపించి బయోకంపాటబుల్ అనేవాళ్లు ఏ రూపంలో, ఏ పల్స్ కింద, ఎంతకాలం అని కూడా చెప్పాలి.

ఏం మార్చాం

పెడాట్ పూత ఏజింగ్ టెస్ట్ కూడా పాసయ్యింది. 67 డిగ్రీల సెలైన్‌లో నానబెట్టారు. పది డిగ్రీలకి వేగం రెట్టింపవుతుందన్న మామూలు సూత్రం ప్రకారం శరీర ఉష్ణోగ్రతతో పోలిస్తే ఎనిమిది రెట్ల వేగం. కానీ ఆ గాజు సీసాలో పల్సుల్లేవు, మైక్రోగ్లియా విడుదల చేసే ఆక్సిడెంట్లూ లేవు. ఇప్పుడు పల్సులు ఇస్తూనే నానబెడుతున్నాం. ఇన్సులేషన్‌కి విడిగా హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన 87 డిగ్రీల టెస్ట్ పెట్టాం. ఈ పద్ధతి 2015లో టక్మకోవ్ బృందం ప్రచురించింది, కటువుగా ఉంటుంది గానీ బలహీనమైన అతుకుల్ని తొందరగా బయటపెడుతుంది.

కరెంట్‌ని 10 మైక్రోఆంప్‌కి దించాం, అంటే 2 నానోకూలంబ్‌లు. ప్రతి సెషన్ ముందు వోల్టేజ్ ట్రాన్సియెంట్ (పల్స్ సమయంలో వోల్టేజ్ మారే తీరు) చూసి, యాక్సెస్ వోల్టేజ్ (ద్రవపు రెసిస్టెన్స్ వల్ల వచ్చే భాగం) తీసేశాక −0.6 దాటితే ఆ చానెల్‌కి ఆరోజు పల్స్ ఇవ్వం. వారానికోసారి 1 హెర్ట్జ్ నుంచి 100 కిలోహెర్ట్జ్ దాకా మొత్తం స్పెక్ట్రమ్, ఫేజ్‌తో సహా. స్టిమ్యులేషన్ చానెళ్లకి స్పట్టర్ చేసిన ఇరిడియం ఆక్సైడ్‌కి మారాం. అది కూడా హద్దు మీరి పల్స్ చేస్తే పొరలుగా లేస్తుంది, కాబట్టి వోల్టేజ్ కాపలా దానికీ తప్పదు. పెడాట్‌ని రికార్డింగ్ చానెళ్లకే పరిమితం చేశాం.

పెడాట్‌ని పూర్తిగా వదిలేయకపోవడానికి కారణం ఆ ఆరో కొస. పల్సులన్నీ తిని కూడా దాని మీద పూత చెక్కుచెదరలేదు, ఫేజ్ చివరిదాకా −20 దగ్గరే ఉంది. మైక్రోస్కోప్‌లో చూస్తే ఆ తీగ కోత సరిగ్గా పడలేదు, ముఖమంతా గీతలు, గుంటలు. క్వాలిటీ చెక్‌లో పక్కన పడేయాల్సిన కొస అది, ఎలాగో దాటి వచ్చేసింది. పాలిమర్ ఆ గుంటల్లోకి దిగి పట్టుకుంది. నానోస్థాయిలో గరుకుగా ఉన్న ఇరిడియం ఆక్సైడ్ పొర మీద పెడాట్ గట్టిగా నిలుస్తుందని ముందే ప్రచురితమై ఉంది, కాబట్టి ఇది కొత్త సంగతేం కాదు. తర్వాతి బ్యాచ్‌లో సగం కొసల్ని ఎలక్ట్రోకెమికల్‌గా గరుకు చేసి, మిగతా సగానికి ఇరిడియం ఆక్సైడ్ అడుగుపొర వేసి, రెండింటి మీదా పెడాట్ ఎక్కించాం. ప్రస్తుతం సీసాలో పల్సులు తింటున్నాయి. ఫేజ్ గెంతిన మొదటి చానెల్ ఏ సగంలోదో చూశాకే మళ్లీ జంతువు దాకా వెళ్తాం.